ముందు బోర్డు, వెనక బోర్డు

పొద్దున్నే ఊపిరాడనంత కిక్కిరిసిన బస్సు దిగి, రొప్పుకుంటూ తన సీటు దగ్గరికొచ్చిన కొత్తమ్మాయికి పార్టిషన్ మీద తన పేరు కనిపించలేదు. ఇంకొకావిడ పేరు కనిపించింది.

నిజానికి ఆ సీటు ఆ ఇంకొకావిడదే. కానుపుకి చాలా ముందే పురిటి సెలవు మీద వెళ్ళింది. ఆమె బదులు వచ్చి కూర్చున్నది కొత్తమ్మాయి. వచ్చి నెలలు గడిచినా, చీటీ మీద అచ్చేసిన పేరొకటి ఉన్నా, ఆఫీసులో అందరికీ ఆమె ఇంకా కొత్తమ్మాయే.

ఇళ్ళల్లో పాడైపోయిన ఫ్రిజ్జులూ వాషింగ్ మెషిన్లూ బాగుచేయించే కంపెనీ అది. జనం ఫోన్ చేసి గోడు చెప్పుకుంటే విని, కంప్యూటర్లో ఎక్కించి, ఏ మెకానిక్కుని ఎవరింటికి పంపాలో చూడటం వీళ్ళ పని. ఒక్కో సీటుకీ మూడు వైపులా నీలం గుడ్డ కప్పిన పార్టిషన్లుంటాయి, నిలబడితే ఛాతీ దాకా వస్తాయి. వాటి పైఅంచుకి రెండు ఇనప కొక్కేలతో ప్లాస్టిక్ బోర్డు వేలాడుతుంది. బోర్డుకి పక్కన సన్నటి సందు, అందులోంచి పేరు చీటీ లోపలికి దూరుస్తారు. ఎత్తి తీస్తే ఊడొస్తుంది, తగిలిస్తే కూర్చుంటుంది. మేకూ లేదు, జిగురూ లేదు.

అయితే ఈ ఆఫీసులో బోర్డుల దగ్గర ఒక పద్ధతుంది. సెలవు మీద వెళ్ళినవాళ్ళ బోర్డు తీయరు. తీశారంటే మనిషిని ఉద్యోగంలోంచి తీసేశారన్నమాటే. బదులు వచ్చినవాళ్ళ బోర్డుని దాని మీదే, ముందువైపు తగిలిస్తారు. వెనకున్న బోర్డు వెనకే ఉంటుంది, ముందున్న బోర్డే అందరి కంటా పడుతుంది. అటెండరు కాగితాలు పెట్టేదీ, టీ కప్పు దించేదీ, ఎవరైనా వెతుక్కుంటూ వచ్చేదీ ముందు బోర్డు చూసే.

ఇవాళ కొత్తమ్మాయి బోర్డు వెనక్కి పోయింది.

ఆమె చుట్టూ చూసింది. ఎవరి పనిలో వాళ్ళున్నారు. మరీ ఎక్కువగా పనిలో ఉన్నారేమో అని కూడా అనిపించింది. గబగబా రెండు బోర్డులూ ఎత్తి, తనది ముందుకి తగిలించి, ఏమీ ఎరగనట్టు కూర్చుంది.

ఆమెకి ఈ సీటు పోతే మళ్ళీ ప్యాకింగ్ షెడ్డే గతి. అక్కడ పొద్దంతా నిలబడి అట్టపెట్టెలకి టేపులేసి, రాత్రి షిఫ్టు పడితే చంటిదాన్ని అత్తగారికి అప్పజెప్పి పోవాలి. అత్తగారికి మోకాళ్ళు పట్టేస్తాయి, పిల్ల పరుగు పెడితే పట్టుకోలేదు. ఒకసారి అలాగే పిల్ల మెట్ల మీంచి జారి నుదురు చీరుకుంది. ఆ మచ్చ చూసినప్పుడల్లా కొత్తమ్మాయికి షెడ్డే గుర్తొస్తుంది. చదువు మధ్యలో ఆపేసిన మనిషికి కుర్చీ ఉన్న ఉద్యోగం దొరకడమే గగనం. దొరికినదాన్ని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.

అటెండరు బాబాయి టీ తెచ్చాక, మెల్లగా అడిగింది. "బాబాయ్, నా బోర్డు మీరేమైనా కదిపారా?"

"నేనెందుకు కదుపుతానమ్మా? నా ఒళ్ళు నేను కదుపుకోలేక చస్తుంటే."

"తుడిచేటప్పుడు ఎవరైనా తీసి మళ్ళీ పెట్టుంటారా?"

"తుడవడమా? బోర్డులా?" బాబాయి నవ్వాడు. "బల్లలు తుడిస్తేనే పండగ ఇక్కడ. బోర్డుల దాకా ఎవడొస్తాడు."

నవ్వాడు సరే, మరి వెళుతూ వెళుతూ ఆ బోర్డు వైపు ఎందుకు చూసినట్టు?

మర్నాడు బోర్డు ముందే ఉంది. అమ్మయ్య అనుకుంది. ఆ పైరోజు మళ్ళీ వెనక్కి పోయింది.

ఈసారి ఆమె అనుమానం పార్టిషన్ అవతల కూర్చునే కళ్ళజోడు అక్క మీదికి వెళ్ళింది. అక్క ఆ సెక్షన్‌లో పాతకాపు. సెలవు మీద వెళ్ళినావిడా ఈవిడా ఒకే కప్పులో టీ పంచుకునేంత దోస్తులట. కొత్తమ్మాయి వచ్చిన రోజున "ఆవిడ గొంతు వింటే చాలు, అరిచే కస్టమరు కూడా పిల్లిలా అయిపోయేవాడు" అని మొదలుపెట్టి, సాయంత్రం దాకా ఆవిడ గొప్పలే చెప్పింది.

"అక్కా, ఆవిడతో మాట్లాడుతుంటారా?" అని పార్టిషన్ మీంచి తల పెట్టి అడిగింది.

"ఎవరితో?"

"అదే, ఈ సీటావిడతో."

"మాట్లాడకేం. మొన్ననే చేశాను. పిల్ల రాత్రంతా జాగారమేనట, పాపం కళ్ళు గుంటలు పడిపోయాయట." అక్క కళ్ళజోడు ముక్కు మీదికి దించి చూసింది. "నీ గురించి కూడా చెప్పాన్లే."

"నా గురించా? ఏం చెప్పారు?"

"ఏముందీ, ఉన్నదే. ఏంటలా పాలిపోయావు? చాడీలు చెప్పానేమో అనా?"

"అబ్బే."

"అబ్బే అంటే అవుననే." అక్క మళ్ళీ తెర వైపు తిరిగిపోయింది. కొత్తమ్మాయికి ఆ వీపు కూడా నవ్వుతున్నట్టే ఉంది.

ఆ రోజంతా ఆమె చెవి ఫోన్ మీద, కన్ను అక్క మీద. ఒకావిడ ఫ్రిజ్జులోంచి నీళ్ళు కారుతున్నాయని చెబుతుంటే, వాషింగ్ మెషిన్ మెకానిక్కుని పంపింది. వాడు వెళ్ళి ఆ ఇంట్లో నానా మాటలూ పడి, ఫోన్ చేసి ఈమెని నాలుగు మాటలని పెట్టేశాడు. ఎప్పుడూ చేయని తప్పు. ఇదీ ఎవరో కావాలనే చేయిస్తున్నట్టు అనిపించింది ఆమెకి.

ఇంట్లో చెబితే మొగుడు పళ్ళెంలోంచి తలెత్తకుండానే నవ్వేశాడు. "దెయ్యమేమో. అందరికీ మనుషుల్ని పీక్కుతినే దెయ్యాలు దొరికితే, నీకు బోర్డులు తిప్పే దెయ్యం దొరికింది."

"మీకు నవ్వులాటగా ఉంది."

"లేకపోతే ఏంటి? గాలికి తిరిగుంటుంది."

"ఫ్యాను గాలికి ఇనప కొక్కేలు లేచి, ఒకదాని వెనక్కి ఒకటి వెళ్ళి కూర్చుంటాయా?"

అత్తగారు మాత్రం నవ్వలేదు. చంటిదాన్ని కాళ్ళ మీద వేసుకుని ఊపుతూ, "నీ సీటుకి ఎవరో ఎసరు పెడుతున్నారమ్మాయ్" అంది. "ముందు బోర్డు వెనక్కి పోతుంది. జనం కళ్ళకి అలవాటు పడుతుంది. తర్వాత ఒకరోజు వెనకది మాయమవుతుంది. అడిగేవాడుండడు. మా అక్క కొడుకుని గోడౌన్లోంచి ఇలాగే కదా సాగనంపింది."

"ఆయన్ని తాగి పడుకున్నాడని కదమ్మా పంపించేశారు" అన్నాడు మొగుడు.

"అది వాళ్ళు చెప్పిన కారణం" అంది అత్తగారు.

ఆ మాట కొత్తమ్మాయికి సూదిలా దిగింది. వాళ్ళు చెప్పే కారణం ఒకటుంటుంది, అసలు కారణం వేరే ఉంటుంది. ఆ ఫ్రిజ్జు పొరపాటే రేపు తన కారణం కావచ్చు.

మర్నాడు ధైర్యం కూడగట్టుకుని సెక్షన్ సారు అద్దాల గదిలోకి వెళ్ళింది. ఆయన మెత్తటి మనిషి. ఎంత మెత్తన అంటే, ఎక్కడ చెయ్యి వేసినా పట్టు దొరకదు.

"సార్, నా సీటు..."

"నీ సీటుకేమైందమ్మా?"

"ఏం కాలేదు సార్. ఆవిడ సెలవు అయిపోయి తిరిగొస్తే నా సంగతేంటా అని."

"ఆవిడ రాదులే. పసిబిడ్డని ఇంట్లో వదిలేసి ఎవరొస్తారు ఈ రోజుల్లో? ఆ సీటు నీదే అనుకో."

ఆయన కంప్యూటర్ వైపు తిరిగాడు. ఆమె బయటికొచ్చింది. బిడ్డని ఇంట్లో వదిలేసి రోజూ వస్తున్నది తను కాదా? ఆ సంగతి ఆయనకి తెలియదా, తెలిసే అన్నాడా? పైగా "నీదే" అని ఊరుకోలేదు, "అనుకో" అన్నాడు. అనుకోవడానికేముంది, ఈ ఆఫీసంతా తనదే అనుకోవచ్చు.

ఆ సాయంత్రం అందరూ లేచి వెళ్ళేదాకా బ్యాగు సర్దుతున్నట్టు నటించి, తన బోర్డు కొక్కేలకీ వెనక బోర్డు కొక్కేలకీ కలిపి సెల్లోటేపు చుట్టింది. షెడ్డులో నేర్చుకున్న చుట్టుడు అది, చించితే తప్ప రాదు. ఎవరు చించినా చిందరవందర అవుతుంది, దొంగ దొరక్కపోయినా దొంగతనమైనా రుజువవుతుంది.

తెల్లారి వచ్చి చూస్తే టేపు చినగలేదు. ఎవరో గోటితో కొస వెతికి పట్టుకుని, ఓపిగ్గా మొత్తం విప్పి, మడతపెట్టి బల్ల మీద పెట్టారు. బోర్డు వెనక్కి పోయింది. తీసి చూసింది. ప్లాస్టిక్ మీద తెల్లగా వేలిముద్రలు. వాసన చూసింది. పిల్లల పౌడరు.

కళ్ళజోడు అక్క పిల్లలకి మీసాలొచ్చాయి, అటెండరు బాబాయి మనవలు వేరే ఊళ్ళో ఉన్నారు. మరి పౌడరు చేతులెవరివి? ఎందుకో తన చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంది. అదే వాసన. పొద్దున చంటిదానికి స్నానం చేయించి రాసిన పౌడరు.

ఒక్క క్షణం తన మీదే తనకి అనుమానమొచ్చింది. తనే తిప్పుకుని మర్చిపోతోందా? నిద్రలేక మతి గానీ పోతోందా? తర్వాత తనని తనే తిట్టుకుంది. సాయంత్రం చుట్టిన టేపు, పొద్దున్నే వచ్చేసరికి విప్పి ఉంది. మధ్యలో తను ఇంట్లో ఉంది. అంటే పౌడరు వాడే ఇల్లు ఇంకొకటుంది.

మర్నాడు చంటిది లేవకముందే బయల్దేరింది. మొదటి బస్సులో కూర్చోడానికి చోటుంది కూడా. ఆఫీసు వాకిట్లో కాపలావాడు కుర్చీలో కునికిపాట్లు పడుతున్నాడు. ఆమెని చూసి, "ఏంటమ్మా, ఇవాళ అందరూ పొద్దున్నే వస్తున్నారు" అన్నాడు.

"అందరూ అంటే?"

అతనికి తెలివి వచ్చేసింది. "ఆహా, ఊరికే అన్నాను" అని కళ్ళు నులుముకున్నాడు.

లోపల లైట్లు సగమే వెలుగుతున్నాయి. వరసలన్నీ ఖాళీ. తన సీటు దగ్గర మాత్రం ఒకావిడ నిలబడి ఉంది. భుజం మీద చిన్న మూట, తువ్వాలులో చుట్టిన పసిగుడ్డు. ఒక చేత్తో బిడ్డని పట్టుకుని, ఇంకో చేత్తో బోర్డు కొక్కేన్ని పైకెత్తుతోంది. ఒంటిచేత్తో అంత ఓపిగ్గా టేపు విప్పిన మనిషి.

కొత్తమ్మాయి దారంతా ఎన్నో మాటలు తయారుచేసుకుని వచ్చింది. "అది నా బోర్డు" అని మాత్రం అనగలిగింది.

బాలింత ఉలిక్కిపడింది కానీ చెయ్యి తీయలేదు. "ఇది నా సీటు" అంది.

"సెలవులో ఉన్నారుగా."

"సెలవులో ఉంటే సీటు చూసుకోడానికి రాకూడదా? వెనక వీధే మా ఇల్లు. రాత్రంతా ఇది ఏడుస్తుంది, తెల్లారేసరికి ఇంట్లోవాళ్ళు పడుకుంటారు. నాకెటూ నిద్ర లేదు. ఎత్తుకుని తిరుగుతూ తిరుగుతూ ఇటొస్తాను."

"వచ్చి నా పేరు వెనక్కి నెడతారా?"

"నువ్వు నా పేరు వెనక్కి నెట్టలేదా?"

"నేను నెట్టలేదు, వాళ్ళు తగిలించారు."

"తిప్పినప్పుడల్లా మళ్ళీ ముందుకి తెచ్చేది వాళ్ళేనా? టేపులు కూడా వాళ్ళే చుట్టారా?"

బిడ్డ మూలిగింది. బాలింత దాని వీపు మీద తట్టుతూ, గొంతు తగ్గించింది. "మా అక్క, ఆ కళ్ళజోడావిడ, ఫోన్ చేసి ఏం చెప్పిందో తెలుసా? 'కొత్తమ్మాయి బంగారం, నువ్వు లేని లోటే తెలియట్లేదు' అంది. సంతోషంగానే చెప్పింది. నాకు మాత్రం ఆ రాత్రి అన్నం దిగలేదు. లోటే తెలియకపోతే ఇక నేనెందుకు?"

కొత్తమ్మాయి ఆ మాటకి నవ్వాలో ఏడవాలో తెలియక కుర్చీ లాగింది. "కూర్చోండి ముందు. కుట్లు పచ్చిగానే ఉండుంటాయి."

బాలింత అనుమానంగా కుర్చీ వైపు చూసింది. తర్వాత కూర్చుంది. "సారు నాకు మాటిచ్చాడు. 'నీ సీటు ఎక్కడికీ పోదు, ఆ అమ్మాయి నాలుగు రోజులుండి పోయేదే' అన్నాడు."

"నాతో 'ఆవిడ రాదు, సీటు నీదే అనుకో' అన్నాడు."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చూసుకున్నారు కానీ నమ్ముకోలేదు. ఎవరికి వాళ్ళకి, ఎదుటిది అబద్ధమాడుతోందేమో అన్న పీకులాట పోలేదు.

ఇంతలో జనం రావడం మొదలైంది. కళ్ళజోడు అక్క వచ్చి, ఇద్దర్నీ ఒక్కచోట చూసి, గుమ్మంలోనే ఆగిపోయి, "ఇదేంటి, ఒకే ఒరలో..." అని నాలుక్కరుచుకుని బిడ్డని ముద్దులాడటంలో పడిపోయింది. ఆ వెనకే సెక్షన్ సారు వచ్చాడు. బాలింతని చూసి ముఖం మీద నవ్వు పులుముకుని, "బాగున్నావామ్మా, పాప బాగుందా" అని అడిగి, జవాబు వినకుండానే కొత్తమ్మాయిని లోపలికి రమ్మన్నాడు.

తలుపు వేయించాడు. "ఏంటిదంతా?"

ఆమె బోర్డుల సంగతి చెప్పింది. చెబుతున్నప్పుడే ఎందుకు చెబుతున్నానా అనిపించింది. ఆయన కళ్ళు మెరిశాయి.

"చూడమ్మా, పైవాళ్ళు ఆ సీటుకి ఒక్కరినే ఉంచమన్నారు. ఎవరన్నది నా చేతిలో ఉంది. నువ్వొక పని చెయ్యి. ఆవిడ సెలవులో ఉండి కూడా దొంగచాటుగా ఆఫీసులోకి వస్తోందనీ, నీ పనికి అడ్డం పడుతోందనీ రెండు ముక్కలు రాసివ్వు. మిగతాది నేను చూసుకుంటాను. సీటు నీదే."

ఈసారి "అనుకో" అనలేదు. తెల్ల కాగితమూ పెన్నూ ముందుకి జరిపాడు.

కొత్తమ్మాయి పెన్ను వైపు చూసింది. రెండు ముక్కలు. రాస్తే షెడ్డు లేదు, రాత్రి షిఫ్టు లేదు, పిల్ల నుదుటి మీద ఇంకో మచ్చ ఉండదు. చెయ్యి లేచింది కూడా. అంతలోనే ఇంకో ఆలోచన వచ్చింది. రేపు తను రెండో కానుపుకి వెళితే ఆ సీట్లో ఇంకో కొత్తమ్మాయి కూర్చుంటుంది. ఆ పిల్లని కూడా ఈయన ఇలాగే పిలిచి, ఇదే పెన్ను ఇలాగే జరుపుతాడు.

"నేను రాయను సార్" అంది.

"ఆలోచించుకో" అన్నాడాయన, మెత్తగానే. "ఆ ఫ్రిజ్జు కంప్లైంటు సంగతి కూడా నా దాకా వచ్చింది."

ఆమె బయటికొచ్చి తిన్నగా బాలింత దగ్గరికి వెళ్ళి, లోపల ఏం జరిగిందో అక్షరం పొల్లు పోకుండా చెప్పేసింది. ఇంత చెప్పాక ఆవిడ చెయ్యి పట్టుకుంటుందనుకుంది.

బాలింత పట్టుకోలేదు. "రాయలేదని నేనెలా నమ్మాలి?" అంది.

"నమ్మకపోతే ఇక్కడే కూర్చోండి. సాయంత్రం దాకా నా పక్కనే కూర్చుని, నేనేం రాస్తున్నానో చూస్తూ ఉండండి."

కోపంలో అన్నదే గానీ, ఆవిడ నిజంగానే కూర్చుంది. అటెండరు బాబాయి రెండో కుర్చీ తెచ్చి వేసి, టీ ఎవరి ముందు దించాలో తెలియక కప్పు పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. "రెండు తెండి బాబాయ్" అంది కొత్తమ్మాయి. ఫోన్లు మోగుతున్నాయి. ఈమె కంప్యూటర్లో ఎక్కిస్తుంటే ఆవిడ మెడ సాచి ఒక్కో అక్షరం చదువుతోంది. ఒకసారి మాత్రం ఉండబట్టలేక, "ఆ వీధికి వాడిని పంపకు, వాడికి అక్కడ పాత గొడవుంది" అంది. ఈమె వేరే మెకానిక్కుని పంపింది.

కాసేపటికి అద్దాల గదిలోంచి పిలుపొచ్చింది. ఈసారి బాలింతకి.

ఆవిడ లేచి, తటపటాయించి, నిద్రపోతున్న బిడ్డని కొత్తమ్మాయి ఒళ్ళో పెట్టి వెళ్ళింది. ఇక అనుమానపడటం ఈమె వంతయింది. అద్దంలోంచి సారు నవ్వు కనబడుతోంది, మాట వినబడదు. కాగితం జరగడం కనబడింది. పెన్ను జరగడం కనబడింది. ఆవిడ వీపు అడ్డమొచ్చి, చెయ్యి మాత్రం కనబడలేదు. రాస్తోందా? తను చుట్టిన టేపు, దాచిన పేరు, ఫ్రిజ్జు పొరపాటు, ఆవిడకి రాయడానికి రెండు ముక్కలేంటి, పేజీ నిండా ఉంది. ఒళ్ళో పసిది పెదాలు చప్పరించింది. మెడ కింద అదే పౌడరు వాసన. కొత్తమ్మాయి మనసులో ఎంత విషముందో, చేతులు మాత్రం పసిదాన్ని అంత మెత్తగానూ జోకొడుతున్నాయి.

బాలింత బయటికొచ్చింది. బిడ్డని తీసుకోలేదు. నిలబడే, అందరికీ వినబడేలా అంది. "నా బోర్డు నువ్వు దాచేస్తున్నావని రాసిమ్మన్నాడు. బోర్డు తిప్పింది నేనేనని చెప్పాను."

సెక్షన్ అంతా ఫోన్ల మధ్యలో ఆగిపోయింది. కళ్ళజోడు అక్క లేచి నిలబడింది. అక్కే అద్దాల గది వైపు తిరిగి, పెళ్ళిలో వడ్డన గురించి అడిగినంత మామూలుగా, "సార్, ఇంతకీ ఆ సీటు ఎవరిదండీ?" అంది.

సారు గుమ్మంలోకి వచ్చాడు. అన్ని పార్టిషన్ల మీంచి తలలు లేచి ఉన్నాయి. ఒక్కొక్కరితో ఒక్కో మాట చెప్పడం అలవాటైన మనిషికి, అందరి ముందూ చెప్పడానికి మాట దొరకలేదు. టై సర్దుకున్నాడు. "ఇద్దరిదీనమ్మా. ఆవిడ సెలవు అయ్యాక రెండో కుర్చీ వేయిస్తాం. ప్రస్తుతానికి" అని లోపలికి పోయాడు.

ఎవరో చప్పట్లు కొట్టబోయి మానేశారు. కొత్తమ్మాయి మాత్రం ఆ చివరి మాట దగ్గరే ఆగిపోయింది. బాలింత కూడా అక్కడే ఆగిందని ఆవిడ ముఖం చూస్తే తెలిసింది.

"ప్రస్తుతానికట" అంది బాలింత, బిడ్డని ఎత్తుకుంటూ.

"విన్నాను."

"ఫోన్ నంబరివ్వు."

"ఎందుకు?"

"ఆయన నాతో ఏమన్నా సాయంత్రానికల్లా నీకు చెబుతాను. నీతో ఏమన్నా నాకు చెప్పు."

"అంతా చెబుతారా?"

బాలింత ఒక్క నిమిషం నిజాయితీగా ఆలోచించింది. "అంతా చెప్పను. సీటు గురించి మాత్రం చెబుతాను."

కొత్తమ్మాయి నంబరు చెప్పింది. ఆవిడ నొక్కింది. బల్ల మీద తన సెల్లు మోగాక, కొత్తమ్మాయి అది ఆవిడ నంబరేనని ఒకటికి రెండుసార్లు చూసుకుని మరీ దాచుకుంది.